అంటు మొక్క పేరిట గింజ మొక్క

నేల నుండి మొలిచే ప్రతి మొక్కా అల్లాహ్ శక్తికి ఒక నిదర్శనమని దివ్యఖుర్ఆన్ మనకు పదే పదే గుర్తు చేస్తుంది. అర్‌రాద్ సూరా నాలుగో ఆయతులో ఈ విషయం మరింత విడమరచి ఉంది. పక్కపక్కనే ఉన్న నేల చెక్కలు, ద్రాక్ష తోటలు, పొలాలు, ఒకే మొదలు నుండి చీలి పెరిగిన ఖర్జూరాలు, విడివిడిగా పెరిగిన ఖర్జూరాలు... అన్నింటికీ పారేది ఒకే నీరు. అయినా రుచిలో ఒకటి మేలు, మరొకటి తక్కువ. బుద్ధిని ఉపయోగించేవారికి ఇందులో సూచనలున్నాయన్నది ఆ ఆయతు తాత్పర్యం. మామిడి చెట్లున్న మన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కర లేదు. ఒకే గట్టు మీద, ఒకే బావి నీటితో పెరిగిన రెండు చెట్లలో ఒకదాని పండు తేనె, మరొకదాని పండు చింతపండు!

ఆ తేడా చెట్టు పుట్టుకలోనే ఉంది. అక్కడ దాన్ని ఉంచినవాడు అల్లాహ్. దాన్ని ఎరిగి అమ్మేవాడు వ్యాపారి, ఎరగక కొనేవాడు రైతు. ఎరిగినవాడికీ ఎరగనివాడికీ మధ్య జరిగే ఈ లావాదేవీ గురించే ఈ నెల మేము కొన్ని మాటలు మనవి చేయదలచాం.

వానలు మొదలైన రోజుల్లో తొర్రూరుకు చెందిన కొందరు సోదరులు మా వద్దకు ఒక సమస్య తెచ్చారు. తొర్రూరు వరంగల్ - ఖమ్మం రహదారి మీది ఊరు. ఒకప్పుడు వరంగల్ జిల్లాలో ఉండేది, 2016 నుండి మహబూబాబాద్ జిల్లాలో ఉంది. చుట్టూ పత్తి, మిర్చి, వరి. అక్కడి మనవాళ్ళలో అర ఎకరం, ఎకరం చెల్క ఉన్నవారు కొందరైతే, ఇంటి వెనుక పెరడు తప్ప మరేమీ లేనివారు కొందరు. అలాంటి ఆరు కుటుంబాలు కలిసి, ఫోనులో ప్రకటన చూసి, వేరే రాష్ట్రంలోని ఒక నర్సరీ నుండి నలభై మొక్కలు తెప్పించుకున్నాయి. ఇరవై మామిడి, పన్నెండు జామ, ఎనిమిది నిమ్మ. ప్రకటనలోని బొమ్మలో మూరెడు మొక్కకే కాయలు వేలాడుతున్నాయి. అన్నీ అంటు మొక్కలేననీ, రెండో ఏడే కాపు వస్తుందనీ రాసి ఉంది. డబ్బు ముందే కట్టారు. తొమ్మిదో రోజున అట్టపెట్టెలు వచ్చాయి. విప్పి చూస్తే ఏడు జామ, నాలుగు మామిడి మొక్కలు పుల్లల్లా ఎండిపోయి ఉన్నాయి. మిగిలినవాటిని ఊళ్ళో తోట పని తెలిసిన ఒక పెద్దాయన పరిశీలించి, బతికి ఉన్న పదహారు మామిడి మొక్కల్లో పదమూడింటికి అసలు అంటే కట్టలేదని, అవి టెంక నుండి మొలిచిన మొక్కలని తేల్చాడు.

నర్సరీ వారికి ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: చనిపోయిన మొక్కలకు మాత్రమే డబ్బు వాపసు ఇస్తాం, పార్సిల్ అందిన మూడు రోజుల్లో ఫోటో పంపాలి, బతికి ఉన్నవాటితో మాకు సంబంధం లేదు.

ఇక అక్కడి నుండి తలా ఒక సలహా. "మిగిలినవాటికి కూడా వేడినీళ్ళు పోసి ఎండబెట్టి ఫోటో పంపుదాం. మొత్తం పైసలు వస్తయి. వాడు చేసింది మాత్రం మోసం గాదా?" అన్నాడొక యువకుడు. "ఎందుకీ గొడవ? సబ్ర్ చేసుకుందాం" అన్నారు మరొకరు. "గింజ మొక్కలను మస్జిదుకో ఖబరస్తాన్‌కో ఇచ్చేద్దాం, సవాబన్నా దక్కుతది" అన్నారు ఇంకొకరు. వారిలో ఒక వృద్ధురాలు మాత్రం సలహా ఇవ్వలేదు, ప్రశ్న అడిగింది. "మౌలానా సాబ్, పైసలు వాపసు అడిగితే గునాహ్ అయితదా?"

నలభై మొక్కల బేరంలో ఇన్ని ధర్మ ప్రశ్నలున్నాయి. చిన్న వ్యవహారాలని మనం వీటిని పక్కన పెట్టేస్తుంటాం. నమాజు మస్‌అలాలు అడగటానికి పది మంది వస్తే, కొనుగోలు అమ్మకాల మస్‌అలాలు అడగటానికి ఒక్కరూ రారు. తొర్రూరు సోదరులు వచ్చారు. అల్లాహ్ వారికి మేలు చేయుగాక!

కుప్ప లోపలి తడి

ముందుగా అమ్మేవారి సంగతి. మన పాఠకుల్లో నర్సరీలు నడిపేవారు, పార్సిల్ వ్యాపారం చేసేవారు కూడా ఉన్నారు.

మదీనా బజారులో ఒక ధాన్యపు కుప్ప. దైవప్రవక్త (స) అటుగా వెళుతూ ఆ కుప్పలోకి చేయి పెట్టి చూశారు. వేళ్ళకు తడి తగిలింది. ఇదేమిటని అడిగితే, వానకు తడిసిందని జవాబిచ్చాడు ఆ వ్యాపారి. మరి తడిసినదాన్ని జనానికి కనబడేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించారు. మోసం చేసేవాడికీ తనకూ సంబంధం లేదని హెచ్చరించారు. హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఈ సంఘటన సహీహ్ ముస్లిమ్ గ్రంథంలో ఉంది. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఆ వ్యాపారి ధాన్యాన్ని తడపలేదు. తడిపింది వాన. అతను చేసిందల్లా పొడి గింజలను పైకి, తడి గింజలను లోపలికి చేర్చటం. అంతమాత్రానికే అంత కఠినమైన హెచ్చరిక!

ధాన్యంలో తడిని చేయి పెడితే ఒక్క క్షణంలో పట్టుకోవచ్చు. మొక్క పుట్టుకను ఏ చేయి పట్టుకోగలదు? అంటు కట్టిన మామిడి మూడు నాలుగేళ్ళకు కాపు మొదలుపెడుతుంది. టెంక మొక్క కాపుకు రావాలంటే ఏడెనిమిదేళ్ళు, కొన్నిసార్లు ఇంకా ఎక్కువే పడుతుంది. వచ్చాక కూడా అది బంగినపల్లి కాయ కాస్తుందన్న నమ్మకం లేదు. బంగినపల్లి టెంక నాటితే బంగినపల్లే రాదు. అందుకే ఈ అంటు విద్య పుట్టింది. అంటే కొన్నవాడు గొయ్యి తవ్వి, ఎరువేసి, కంచె కట్టి, ఎండాకాలమంతా బిందెలతో నీళ్ళు మోసి, ఎనిమిదేళ్ళ తర్వాత పుల్లటి పీచు కాయ చేతికొచ్చినప్పుడు గాని తాను మోసపోయానని తెలుసుకోలేడు. అప్పటికి ఆ ఫోన్ నంబరు పనిచేయదు, ఆ నర్సరీ పేరు మారిపోయి ఉంటుంది. ఆ అమ్మకానికి మిగిలే సాక్షి అల్లాహ్ ఒక్కడే.

కనుక మొక్కల వ్యాపారి పుచ్చకాయల వ్యాపారి వంటివాడు కాడు. పుచ్చకాయ బాగా లేకపోతే నలభై రూపాయలు పోతాయి. మొక్క విషయంలో పోయేది నూటయాభై రూపాయలు కాదు, ఒక పేదవాడి ఎనిమిదేళ్ళు. ఖమ్మం దాటి అవతల అశ్వారావుపేట ప్రాంతంలో ఆయిల్ పామ్ రైతులు, ఏళ్ళ తరబడి పెంచిన చెట్లలో గెలలు సరిగా రాని 'ఆఫ్ టైప్' మొక్కలు బయటపడ్డాయని ఆందోళనకు దిగిన వార్తలు ఇటీవలి సంవత్సరాల్లో మనం చూశాం. అక్కడ కూడా ఇదే బాధ. మొక్క ధర ఎవరైనా తిరిగి ఇవ్వగలరు. గడిచిన ఏళ్ళను ఎవరిస్తారు?

లోపమున్న సరుకును ఆ లోపం తెలియజేయకుండా తోటి ముస్లిముకు అమ్మటం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) సెలవిచ్చినట్లు హజ్రత్ ఉఖ్బా బిన్ ఆమిర్ (రజి) ఉల్లేఖనం ఇబ్నె మాజాలో ఉంది. ముస్లిమేతరుడికి అమ్మితే పరవాలేదని దీని నుండి అర్థం తీసేవారు ధాన్యపు కుప్ప హదీసును మళ్ళీ ఒకసారి చూడాలి. అక్కడ కొనేవాడెవరన్న ప్రస్తావనే లేదు.

హజ్రత్ సల్మాన్ ఫారసీ (రజి) బానిసత్వం నుండి విముక్తి పొందిన వృత్తాంతం మనలో చాలామందికి తెలుసు. యజమాని పెట్టిన షరతు, మూడు వందల ఖర్జూర మొక్కలు నాటి బతికించటం, దానితోపాటు నలభై ఊఖియాల బంగారం. సహాబాలు తమ తమ స్తోమతు కొద్దీ మొక్కలు తెచ్చిచ్చారు. ఒకరు ముప్పై, ఒకరు ఇరవై, ఒకరు పదిహేను, ఒకరు పది. గోతులు తవ్వాక దైవప్రవక్త (స) స్వయంగా తమ చేతులతో వాటిని నాటారు. ఒక్కటీ చావలేదని ముస్నద్ అహ్మద్ ఉల్లేఖనం. ఒక మనిషి స్వేచ్ఛ ఆ మొక్కల ప్రాణం మీద ఆధారపడి ఉంది. మొక్కలు తెచ్చినవారిలో ఏ ఒక్కరైనా లెక్క నింపటానికి వేరు కుళ్ళిన మొక్కను కలిపి ఉంటే ఆ లోపం భారం సల్మాన్ (రజి) మెడ మీద పడేది. ఇవాళ పార్సిల్ కట్టే సోదరుడు కూడా ఈ దృశ్యాన్ని ఒకసారి కళ్ళ ముందు నిలుపుకోవాలని మా మనవి.

ఇంత చెప్పాక అమ్మేవారి పక్షాన కూడా ఒక న్యాయమైన మాట చెప్పాలి. గింజ మొక్కలన్నీ మోసం కావు. బొప్పాయి, కొబ్బరి గింజ నుండే వస్తాయి. నిమ్మను కూడా మన ప్రాంతంలో ఎక్కువగా గింజ నుండే పెంచుతారు, తల్లి చెట్టు గుణం చాలావరకు నిలుస్తుంది. తొర్రూరుకు వచ్చిన ఎనిమిది నిమ్మ మొక్కలూ అలాంటివే, ఆరోగ్యంగానే ఉన్నాయి. ధరలో తేడా ఏమీ లేనప్పుడు ప్రకటనలోని ఒక్క మాటను పట్టుకుని వాటిపై కూడా డబ్బు గుంజాలనుకోవటం సబబు కాదు. అలాగే తొమ్మిది రోజులు చీకటి పెట్టెలో ఉన్న మొక్క వాడిపోవటం వేరు, తెలిసి తెలిసి వేరే సరుకు పంపటం వేరు. మొదటిది నష్టం, రెండోది ద్రోహం. రెండింటికీ ఒకే పేరు పెట్టి తిట్టకూడదు. గోదావరి ఒడ్డున కడియం చుట్టుపక్కల నర్సరీల నుండి దేశమంతటికీ మొక్కలు వెళుతున్నాయి. వేలాది కుటుంబాలు ఆ పని మీద బతుకుతున్నాయి. నమ్మకం లేకుండా అంత వ్యాపారం నిలబడదు.

చూడకుండా కొన్నది

వెనుకటి రోజుల్లో పత్రికల్లో ప్రకటన చూసి కార్డు రాస్తే వి.పి. పార్సిల్ వచ్చేది. డబ్బు కడితేనే పోస్టుమాన్ పెట్టె చేతికిచ్చేవాడు. విప్పి చూసుకునేసరికి అతను పక్క వీధిలో ఉండేవాడు. ఇప్పుడు పోస్టుమాన్ స్థానంలో కొరియర్ కుర్రవాడు వచ్చాడు, కార్డు స్థానంలో ఫోను వచ్చింది. బేరం మాత్రం అదే. కళ్ళతో చూడని వస్తువుకు డబ్బు కట్టటం.

మన ధర్మవేత్తలు ఈ బేరాన్ని వెయ్యేళ్ళ క్రితమే చర్చించారు. చూడకుండా కొన్నవాడికి, చూశాక ఉంచుకునే లేదా తిప్పి పంపే హక్కు ఉంటుందని హనఫీ ఫిక్హ్ చెబుతుంది. దీన్ని ఖియారె రూయత్ అంటారు. లోపం ఉండనక్కర లేదు, చూడగానే నచ్చకపోయినా చాలు. హజ్రత్ ఉస్మాన్ (రజి) తన భూమిని హజ్రత్ తల్హా (రజి)కు అమ్మారు. ఇద్దరూ ఆ భూమిని చూసి ఉండలేదు. మీరు నష్టపోయారని జనం ఇద్దరితోనూ అన్నారు. చూడకుండా కొన్నాను గనుక హక్కు నాదేనని తల్హా (రజి), చూడకుండా అమ్మాను గనుక నాదేనని ఉస్మాన్ (రజి) అన్నారు. హజ్రత్ జుబైర్ బిన్ ముత్‌ఇమ్ (రజి)ని మధ్యవర్తిగా పెట్టుకుంటే, హక్కు కొన్నవాడిదేనని ఆయన తీర్పు చెప్పారు. ఎంత హుందాగా జరిగిందో చూడండి. ఇద్దరూ మహా సంపన్నులు. అయినా హక్కు ఎవరిదని అడిగారు, తీర్పు రాగానే ఊరుకున్నారు.

ఇక లోపం బయటపడినప్పటి హక్కు వేరు. దాన్ని ఖియారె ఐబ్ అంటారు. అమ్మినవాడి దగ్గరే ఉన్న లోపం, కొన్నవాడికి కొనేటప్పుడు తెలియని లోపం తర్వాత బయటపడితే సరుకు తిప్పి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చు. అయితే లోపం తెలిశాక కూడా 'సరేలే' అన్నట్లు దాన్ని సొంతంగా వాడుకుంటూ పోతే ఆ హక్కు పోతుంది. ఇక్కడ తొర్రూరు సోదరులకు ఒక సందేహం వచ్చింది. మొక్కలకు నీళ్ళు పోస్తున్నాం, దీంతో మా హక్కు పోతుందా అని. పోదు. తిప్పి ఇవ్వాల్సిన పశువుకు మేత వేయటం, దాన్ని నీళ్ళకు తోలుకెళ్ళటం ఒప్పుకోలు కిందికి రాదని ఫిక్హ్ గ్రంథాల్లో ఉంది. మొక్కకు నీళ్ళు పోయటం కూడా అలాంటిదే. పైగా పోయకపోవటమే తప్పు. తగాదా తెగేదాకా ఆ ప్రాణం మీ చేతుల్లో ఉంది. నేలలో నాటేశాక, అది పెరిగి మారిపోయాక లోపం తెలిస్తే అప్పుడు తిప్పి ఇవ్వటం ఉండదు. మంచి మొక్కకూ ఈ మొక్కకూ మధ్య ఉన్న ధర తేడాను అడిగే హక్కు ఉంటుంది.

చనిపోయిన పదకొండు మొక్కల సంగతి తేలిక. సరుకు కొన్నవాడి చేతికి అందకముందే నశిస్తే ఆ నష్టం అమ్మినవాడిదే. కొరియర్‌ను ఏర్పాటు చేసింది నర్సరీ వారే గనుక ఆ డబ్బు తిరిగి ఇవ్వటం వారు చేసే ఉపకారం కాదు, వారిపై ఉన్న బాధ్యత.

పదమూడు గింజ మొక్కల విషయంలో నర్సరీ వారు బతికి ఉన్నవాటితో మాకు సంబంధం లేదంటున్నారు. సరుకు ఎలా ఉన్నా బాధ్యత లేదని అమ్మేవాడు ముందే స్పష్టంగా చెప్పి, కొనేవాడు ఒప్పుకుని కొంటే హనఫీ ఫిక్హ్‌లో ఆ మాటకు విలువ ఉంది. ఈ సంగతి మనం దాచకూడదు. కాని ఇక్కడ జరిగింది అది కాదు. అంటు మొక్క అన్న గుణం చెప్పి, ఆ గుణానికి ధర కట్టి, ఆ గుణం లేనిదాన్ని పంపారు. కోరిన గుణం లోపించినప్పుడు కొన్నవాడి హక్కు నిలిచే ఉంటుంది, డబ్బు వచ్చాక పెట్టే షరతు దాన్ని తీసేయలేదు.

కొన్నది వెనక్కి ఇస్తానన్న తోటివాడి నుండి తిరిగి తీసుకునేవాడి పొరపాట్లను ప్రళయదినాన అల్లాహ్ క్షమిస్తాడన్న శుభవార్త అబూ దావూద్, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. 'వాపసు లేదు' అన్న బోర్డు పెట్టుకున్న మన దుకాణదారులు ఈ హదీసును కూడా పక్కనే రాసుకుంటే బాగుంటుంది!

ఎండబెట్టిన ఫోటో

ఇప్పుడు ఆ యువకుడి సలహా. ఈ వ్యవహారం మొత్తంలో మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టింది ఇదే. ఎందుకంటే అతను చెడ్డవాడు కాదు, అన్యాయం చూసి మండిపడ్డవాడు. కోపం న్యాయమైనదే. కాని షైతాన్ మనిషిని ఎక్కువగా పట్టుకునేది న్యాయమైన కోపంలోనే.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు బుఖారీ, ముస్లిమ్ గ్రంథాల్లో ఉంది. మీరు తగాదాలు నా వద్దకు తెస్తారు, మీలో ఒకరు మరొకరి కంటే మాటకారి కావచ్చు, విన్నదాన్ని బట్టి నేను తీర్పు చెబుతాను, అలా ఎవరికైనా తన సోదరుడి హక్కులోంచి ఏదైనా ఇప్పిస్తే, అతనికి నేను నిప్పు ముక్కను కోసి ఇచ్చినట్లే అని దైవప్రవక్త (స) హెచ్చరించారని దాని భావం. సాక్షాత్తూ ప్రవక్త (స) తీర్పే ఇప్పించినా అధర్మమైన సొమ్ము ధర్మం కాజాలదు. అలాంటప్పుడు నర్సరీ గుమాస్తా ఒక ఫోటో చూసి పంపిన డబ్బు ఎలా ధర్మమవుతుంది? ఆనాడు మాటకారితనం చేసిన పనిని ఈనాడు ఫోటో చేస్తోంది.

'వాడు మోసం చేశాడు గదా' అన్న వాదనకు జవాబు అబూ దావూద్, తిర్మిజీ గ్రంథాల్లోని హదీసులో ఉంది. నీకు ద్రోహం చేసినవాడికి నీవు ద్రోహం చేయకు అన్నది దాని సారాంశం. ఒక వర్గంపై ఉన్న ద్వేషం మిమ్మల్ని న్యాయం తప్పేలా చేయరాదని మాయిదా సూరా ఎనిమిదో ఆయతు ఆదేశిస్తోంది. బాకీ ఎగ్గొట్టినవాడి నుండి మన హక్కు మేరకు రాబట్టుకోవటం గురించి ధర్మవేత్తలు చర్చించారు, నిజమే. కాని అది ఉన్న హక్కును తీసుకోవటం గురించి. లేని చావును కల్పించటం గురించి కాదు.

పైగా ఆ వేడినీళ్ళు పోసేది దేని మీద? బతికున్న మొక్క మీద. పంటను, సంతతిని నాశనం చేస్తూ తిరిగేవాడి గురించి అల్‌బఖరా సూరా 205వ ఆయతులో అల్లాహ్ ఎంత అసహ్యంగా ప్రస్తావించాడో చదవండి. ప్రళయం ముంచుకొస్తున్నా చేతిలో మొక్క ఉంటే, నాటగలిగితే నాటమని బోధించిన ప్రవక్త (స) సముదాయం మనది. డబ్బు వాపసు కోసం మొక్కను చంపటం మనకు తగునా?

మేము వారికి చెప్పింది ఇది. చనిపోయిన పదకొండింటిని ఉన్నవి ఉన్నట్లు ఫోటో తీయండి. ఒకే ఎండు మొక్కను నాలుగు వైపుల నుండి తీసి నాలుగని చూపకండి. పదమూడు గింజ మొక్కల మొదళ్ళు దగ్గరగా కనబడేలా తీసి, అవి బతికే ఉన్నాయని, కాని అంటు లేదని స్పష్టంగా రాయండి. నిజం రాస్తే డబ్బు తక్కువ రావచ్చు. వచ్చినది మాత్రం మీ పిల్లలకు పెట్టగలిగిన డబ్బు.

అడగటం గునాహ్ కాదు

ఆ వృద్ధురాలి ప్రశ్నకు వద్దాం. మనవారిలో, ముఖ్యంగా స్త్రీలలో, హక్కు అడగటం సబ్ర్‌కు విరుద్ధమన్న భావన బలంగా ఉంది. ఒక వ్యక్తి తన బాకీ కోసం దైవప్రవక్త (స) వద్దకే వచ్చి కటువుగా మాట్లాడాడు. సహాబాలు అతని మీదికి వెళ్ళబోతే ఆయన వారించారు. హక్కు ఉన్నవాడికి మాట్లాడే అధికారం ఉందన్నారు. ఇది బుఖారీలోని ఉల్లేఖనం. అయితే అడిగే తీరుకు కూడా ఒక మర్యాద ఉంది. అమ్మేటప్పుడు, కొనేటప్పుడు, రావలసినది అడిగేటప్పుడు మెత్తగా ఉండేవాడిని అల్లాహ్ కరుణించుగాక అని ఆయన (స) దుఆ చేశారు.

దేశ చట్టం కూడా ఈ హక్కును గుర్తిస్తోంది. మన ఆంధ్రప్రదేశ్ రైతులు నాసిరకం విత్తనాల వల్ల నష్టపోయి నేషనల్ సీడ్స్ కార్పొరేషన్‌పై వేసిన కేసుల్లో సుప్రీంకోర్టు 2012 జనవరిలో తీర్పు ఇచ్చింది. రైతు కూడా వినియోగదారుడేననీ, వినియోగదారుల ఫోరానికి వెళ్ళవచ్చనీ తేల్చింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక, అమ్మినవాడు ఏ రాష్ట్రంలో ఉన్నా కొన్నవాడు తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చు. 1915 నంబరుకు ఫోన్ చేసి కూడా చెప్పుకోవచ్చు. రశీదు, ప్రకటన బొమ్మ, పార్సిల్ మీది తేదీ... ఇవి దాచి ఉంచాలి. అప్పుల లావాదేవీలను రాసి పెట్టుకోమని, అమ్మకాలకు సాక్షులను పెట్టుకోమని అల్‌బఖరా సూరా 282వ ఆయతు ఆదేశిస్తోంది. ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయతు అదే. వ్యవహారాన్ని రాసి ఉంచుకోవటం అపనమ్మకానికి గుర్తు అనుకునే పెద్దలు దీన్ని గమనించాలి.

మరి ఇతరులకు చెప్పవచ్చా, అది గీబత్ కాదా? ప్రజలను నష్టం నుండి హెచ్చరించటం గీబత్ కిందికి రాదని ఇమామ్ నవవీ (రహ్మలై) రాశారు. హజ్రత్ వాసిలా (రజి) ఎదుట ఒకతను ఒంటెను కొని తోలుకుపోతుంటే ఆయన వెంటపడి, దీన్ని ప్రయాణానికి కొన్నావా మాంసానికి కొన్నావా అని అడిగారు. ప్రయాణానికే అని అతను చెప్పగా, దాని గిట్టకు రంధ్రం ఉందని తెలియజేశారు. నా బేరం చెడగొట్టావని అమ్మినవాడు నొచ్చుకున్నాడు. లోపం తెలిసినవాడు చెప్పకుండా ఉండటం ధర్మసమ్మతం కాదని దైవప్రవక్త (స) నుండి విన్నట్లు ఆయన బదులిచ్చారు. కనుక జరిగింది జరిగినట్లు పది మందికి చెప్పండి. ఉన్నదానికి ఒక్క మాట కూడా కలపకండి. నష్టం చిన్నదని వదిలేయదలిస్తే అది మీ ఔదార్యం. డబ్బు వదిలేయవచ్చు, హెచ్చరిక మాత్రం వదలకండి.

కొనేముందు ఏం చూడాలన్నది ధర్మవేత్తల కంటే తోటమాలులు బాగా చెబుతారు. ఖర్జూరాల పరాగ సంపర్కం విషయంలో దైవప్రవక్త (స) మదీనా రైతులతో, మీ ప్రాపంచిక వ్యవహారాలు మీకే బాగా తెలుసునన్నారు. మాకు తెలిసినంతలో, మామిడి అంటు మొక్కకు మొదలు నుండి జానెడు ఎత్తులో ఒక కణుపు లాంటి అతుకు కనబడుతుంది. టెంక మొక్క కాండం కింది నుండి పైదాకా నున్నగా సాగిపోతుంది. అతుకు కింద చిగురు వస్తే అది వేరు మొక్కది, తుంచేయాలి. కట్టిన ప్లాస్టిక్ పట్టీ ఇంకా ఉంటే విప్పాలి, లేకపోతే కాండాన్ని నులిమేస్తుంది. సంచి అడుగున వేళ్ళు చుట్టలు చుట్టుకుని ఉంటే ఆ మొక్క సంచిలోనే ముసలిదైపోయిందని అర్థం. పార్సిల్‌లో వచ్చిన మొక్కను వెంటనే ఎండలో నాటకుండా కొన్ని రోజులు నీడలో తేరుకోనివ్వాలి. నాటేటప్పుడు అతుకు మట్టిలో పూడిపోకూడదు. పండ్ల నర్సరీల రిజిస్ట్రేషన్‌కు 2010లో ఉమ్మడి రాష్ట్రంలోనే చట్టం వచ్చింది, కనుక రిజిస్ట్రేషన్ ఉందా అని అడగటానికి మొహమాటపడనక్కర లేదు. తొర్రూరు వారికి మల్యాల కృషి విజ్ఞాన కేంద్రం సొంత జిల్లాలోనే ఉంది. ఫోనులో బొమ్మ చూసే ముందు అక్కడ ఒక మాట అడిగితే పోయేదేముంది?

మస్జిదుకు ఇచ్చే మొక్క

చివరిగా గింజ మొక్కలను మస్జిదుకు ఇవ్వటం గురించి. మదీనాలో ఖర్జూర తోటలున్న అన్సారులు మస్జిదులో గెలలు వేలాడదీసేవారు. సుఫ్ఫాలో ఉండే పేదలు ఆకలైనప్పుడు వాటిని తినేవారు. కొందరు మాత్రం ఎండి పాడైన గెలలు తెచ్చి కట్టారు. ఆ సందర్భంలోనే అల్‌బఖరా సూరా 267వ ఆయతు అవతరించిందని హజ్రత్ బరా బిన్ ఆజిబ్ (రజి) తెలిపారు. కళ్ళు మూసుకుంటే తప్ప మీరే పుచ్చుకోని నాసిరకం వస్తువును ఏరి అల్లాహ్ మార్గంలో ఇవ్వకండి అన్నది ఆ ఆదేశం. మన ఇళ్ళలో విరిగిన ఫ్యాను, చిరిగిన చాప, పనికిరాని గడియారం ఎక్కడికి చేరతాయో మనకు తెలియనిది కాదు.

అయినా మేము వారిని పూర్తిగా వారించలేదు. టెంక మామిడి పండు విషయంలో నమ్మదగనిదే కాని, చెట్టుగా గట్టిది. దీర్ఘకాలం బతుకుతుంది, విశాలమైన నీడనిస్తుంది. ఖబరస్తాన్‌లో జనాజా వెంట వచ్చినవారు నిలబడటానికి కావలసింది నీడే. ఒక ముస్లిమ్ నాటిన చెట్టు నుండి మనిషి తిన్నా, పశువు తిన్నా, పక్షి తిన్నా అది అతనికి సదఖా అన్న హదీసు బుఖారీ, ముస్లిమ్ రెండింటిలోనూ ఉంది. పక్షి బంగినపల్లే కావాలని అడగదు. నర్సరీతో తగాదా తెగేదాకా మొక్కలు మీ వద్దే ఉండాలి. ఆ తర్వాత ముతవల్లీ గారికి ఇవి గింజ మొక్కలనీ, నీడ కోసమేననీ చెప్పి ఇవ్వాలి. నాటి వదిలేయకుండా మొదటి రెండు ఎండాకాలాలు నీళ్ళు పోసే బాధ్యత ఇచ్చినవారే తీసుకోవాలి. మంచి అంటు మొక్కల్లో కూడా ఒకటి వాటితో కలిపి ఇవ్వాలి. ఇది మేము చెప్పిన షరతు.

పదకొండు మొక్కల డబ్బు నర్సరీ నుండి వచ్చింది. ధర తేడా ఇవ్వటానికి వారు ఒప్పుకోలేదు. మొక్కలు తిప్పి పంపమని కూడా అడగలేదు. సోదరులు 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించారు. ఇది రాసే సమయానికి జవాబు రాలేదు. పదమూడు మొక్కలూ ఆ వృద్ధురాలి పెరట్లో, చింతచెట్టు నీడన ఉన్నాయి. సాయంత్రం పూట వాటికి నీళ్ళు పోస్తున్నది వేడినీళ్ళ సలహా ఇచ్చిన ఆ యువకుడే.